గుంటక తోలిన నేలలో అవకాడో

హాస్ రకం నలభై ఆరు, ఫుయెర్టే పది, పొల్లాక్ ఎనిమిది. మొత్తం అరవై నాలుగు అవకాడో మొక్కలు. వాటితోపాటు గాలిదుమారానికి చిరిగిన నీడవలలు, ఆ నేలలో వేసుంటే ఇంటికొచ్చే ఒక కంది పంట. 2009 మే నెలాఖరుకు బీదర్ జిల్లా ఖటక్ చించోళి ప్రయోగ తోటలో పోయినవి ఇవి.

అంతకు ముందు వానాకాలంలో నన్ను అక్కడ వేశారు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు నర్సరీలో నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. నాకు పైన ఏరియా మేనేజర్, కింద ఎవరూ లేరు. వ్యవసాయ కాలేజీ చదువు కాదు నాది, ఇంటర్ కామర్స్. మిగతాదంతా మొక్కలు లెక్కపెడుతూ నేర్చుకున్నాను. అప్పుడు నగరంలో పెద్ద హోటళ్లు వరసగా లేస్తున్నాయి, వాటికి అవకాడో బయటి దేశాల నుంచి పెట్టెల్లో వస్తోంది. బీదర్ వైపు పండిస్తే పొద్దున కోసినది మధ్యాహ్నానికి దించవచ్చని కంపెనీ ఆలోచన.

మూడు రకాలు తెచ్చాం. హాస్ చల్లని కొండ నేలల్లో బాగా వస్తుంది. పొల్లాక్ వేడి దీవులది. ఫుయెర్టేను వేసింది హాస్‌కు పుప్పొడి తోడు కోసం. హాస్ పువ్వు పొద్దున ఆడదిగా విచ్చి మర్నాడు మధ్యాహ్నం మగదవుతుంది. ఫుయెర్టేలో ఆడది మధ్యాహ్నం, మగది మర్నాడు పొద్దున. రెండూ పక్కపక్కన ఉంటేనే కాపు నిండుగా నిలుస్తుంది.

పొలం నాగమ్మది. రెండెకరాల ఎర్రనేల, మరిది విఠలయ్యతో ఉమ్మడి. పెద్దమనుషుల ముందు ఆమె మాటిచ్చింది: తోట నిలిస్తే నేల ఉంటుంది, ఎండితే మరిది తెచ్చిన ప్లాట్ల బేరానికి వేలిముద్ర వేస్తుంది.

మొక్కలు పోయాక మేనేజర్ మళ్లీ వచ్చి చూసి తేల్చేశారు. హాస్ చల్లదేశపు రకం, ఈ ఎండకు ఆగదు, ప్రయోగం మూసేస్తున్నామని రాసి పంపమన్నారు. విఠలయ్య అక్కడే ఉన్నాడు.

“వదినా, ఎండిన కట్టెలకు నీళ్లు పోసుడు ఇంక చాలు. హైదరాబాదోళ్లు ప్లాట్ల కోసం కారు ఏస్కొని తిరుగుతుండ్రు” అన్నాడు.

“సారును ఒక్క మాట చెప్పనీ. చచ్చినయి అంటే నేనే వేలిముద్ర ఏస్త” అంది నాగమ్మ నన్ను చూపిస్తూ.

రిపోర్టు రాయడానికి కూర్చుంటే నాకు ఒకటి అడ్డం పడింది. ఖరీదైన రకమని హాస్‌ను, దాని తోడు ఫుయెర్టేను మధ్యలోని చదునులో వేశాం, పొల్లాక్‌ను రాళ్ల గట్టు వైపు. అయితే నాటేటప్పుడు బుట్టలు తారుమారై పది హాస్ మొక్కలు గట్టుకు పోయాయి, వాటికి బదులు వరసలు నింపడానికి పది పొల్లాక్ చదునులోకి వచ్చాయి. గట్టు మీది హాస్ పదీ పచ్చగా ఉన్నాయి. చదునులోని పొల్లాక్ పదిలో ఆరు పోయాయి. రకం పక్కన పెట్టి చోటును బట్టి మళ్లీ కూడితే, చదునులో పోయినవి వందకు అరవై ఒకటి, గట్టు మీద వందకు మూడు. ఎండ రెండు చోట్లా ఒకటే కదా.

చచ్చిన మొక్క పక్కన తవ్వించాను. నాలుగు వేళ్ల లోతులో వేర్లన్నీ ఒకే గీతగా తెగి ఉన్నాయి. అవకాడో తిండి వేర్లు పైపొరలోనే పాకుతాయి. కలుపు కోయడానికి ఎద్దులు కట్టి తోలే గుంటక ఇనుప పలక సరిగ్గా ఆ లోతులోనే పోతుంది. రాళ్ల వల్ల గట్టు మీద అది నడవదు.

నాగమ్మను అడిగితే దాచలేదు. “మేనేజరు సారు వస్తుండంటే దసరా ముందు నేనే తోలిపిచ్చిన. చేన్ల గడ్డి పెట్టుకొని సారుకు మొఖం ఎట్ల చూపియ్యాలె?”

ఆ ప్రాంతంలో గడ్డి లేని చేనే రైతు పరువు. మేమిచ్చిన సూచనల కాగితం కొండ తోటల కోసం రాసింది. అక్కడ గుంటకే ఉండదు కాబట్టి, తోలొద్దని ఎవరూ రాయలేదు.

చోటు వారీ లెక్క, తెగిన వేర్లు రెండూ హైదరాబాద్ తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పెట్టాను. ఆయన లెక్క మళ్లీ తానే కూడి చూసుకుని, మూసివేత ఆపి, పోయినవాటికి బదులు మొక్కలు కంపెనీయే ఇవ్వాలని ఒప్పుకున్నారు. ఆ వానాకాలం గుంటక బంద్ చేశాం. గడ్డి కొడవలితో కోసి, పక్క చేని కంది కట్టెతో కలిపి, మొదలు దగ్గర జానెడు వదిలి పరిచాం. వేసవికి కాండాలకు సున్నం పూశాం.

“వదినా, పండ్ల తోటనా, బర్రెల మేతనా?” అని విఠలయ్య గట్టు మీద నిలబడి నవ్వాడు.

“నీ బర్రెను తోలుకరా, దానికన్న తెలివి ఉంటది” అంది ఆమె.

తర్వాతి వేసవిలో చదునులో పోయినవి నాలుగే. కాపు వచ్చాక అసలు పోలిక చేయగలిగాను. పొల్లాక్ కాయ పెద్దది, కానీ నీరు ఎక్కువ, దారిలోనే నలిగిపోయేది. వంద గ్రాముల గుజ్జు పూర్తిగా ఆరబెడితే పొల్లాక్‌లో పద్నాలుగు గ్రాములు మిగిలాయి, హాస్‌లో ఇరవై ఆరు. ఆ మిగిలేదాన్ని బట్టే వెన్నదనం తెలుస్తుంది. హోటళ్లు హాస్‌నే అడిగాయి. మూసేయమన్న రకమే తోటను నిలబెట్టింది. ఆ చదును ప్లాట్లు కాలేదు. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే లెక్క అదొక్కటే.

ఒక రకం ఈ నేలకు పనికిరాదని రాసే ముందు, అది ఎక్కడ నిలబడిందో, దాని పక్కన ఏం నడిచిందో చూడాలి. నేర్చుకున్నది అంతే.

ఒప్పుకున్న అరవై నాలుగు మొక్కల్లో కంపెనీ నలభై ఐదు ఇచ్చింది. మిగతావి ఇచ్చేలోపు నర్సరీయే మూతపడి, దాని స్థలం ప్లాట్లయింది. నాగమ్మకు ఈనాటికీ పంతొమ్మిది మొక్కలు బాకీ.