సిక్ రిపోర్ట్ రాయని ఉదయం

డిసెంబరు మొదటి వారంలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో దిగాను. ఉదయం ఆరు గంటలు. పొగమంచులో పది అడుగుల అవతల ఉన్న ట్రక్కు కనబడలేదు. ఊపిరి పీలిస్తే గొంతు మండింది. జనవరి ఇరవయ్యారు కవాతుకు మా దళాన్ని తయారుచెయ్యడం నా పని. నేను హవల్దారుని, పీటీ శిక్షకుణ్ణి. జవాన్లు ఉస్తాద్ అనేవారు.

బ్యారక్‌లో నలభై మంచాలు. మంచానికీ మంచానికీ నడుమ ఒక ట్రంకు పెట్టె పట్టేంత చోటు. చలికి కిటికీలు తెరిచేవాళ్ళం కాదు. నాలుగింటికి లేవడం, నాలుగున్నరకు పరుగు, ఆరున్నర నుంచి పదిన్నర దాకా రైఫిల్‌తో డ్రిల్లు. మధ్యాహ్నం మళ్ళీ మూడు గంటలు. బూట్లకూ బెల్టుకూ పాలిష్ పట్టి పడుకునేసరికి పదకొండు. ఇది చాలదని నేను మరో ఐదు కిలోమీటర్ల పరుగు కలిపాను. ఎవరూ కలపమనలేదు. నా దళం అందరికంటే గట్టిగా ఉండాలని నా పంతం.

మూడో వారంలో దగ్గు మొదలైంది. ముందు ఇద్దరికి. నాలుగు రోజుల్లో పదకొండు మందికి.

మా ఆర్మీ డాక్టర్, కెప్టెన్ హోదా, హైదరాబాద్ అమ్మాయి. బ్యారక్ అంతా తిరిగి చూసి నన్ను బయటికి పిలిచింది.

"ఉస్తాద్, రోజూ కసరత్తు చేస్తే ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పెరుగుతది. కరెక్టే. కానీ మీరు రెస్ట్ ఇస్తలేరు. ఐదు గంటల నిద్ర, ఈ పొగ, మూసిన కిటికీలు. వారాల తరబడి ఇట్లనే గుంజితే లోపలి కాపలా వీక్ అయితది. మూడు రోజులు నిద్ర లేని సెంట్రీని గేటు మీద నిలబెడతారా మీరు?"

"మావాళ్ళు గట్టివాళ్ళు మేడమ్."

"అచ్ఛా. జ్వరం ఉన్నోణ్ణి మాత్రం ఉరికించకండి. కొన్ని వైరస్‌లు గుండెకు పాకుతయి. అప్పుడు ఉరికితే ప్రాణం మీదికొస్తది."

"ఠీక్ హై మేడమ్," అన్నాను. పరుగు తగ్గించలేదు.

మా రైట్ మార్కర్ శ్రీకాకుళం వైపు కుర్రాడు. ఆరడుగుల రెండంగుళాలు. మార్కర్ అంటే వరుసకు కుడి చివర నిలబడేవాడు. మిగతా వాళ్ళంతా అతన్ని చూసే వరుస సరిచేసుకుంటారు. కవాతుకు పన్నెండు రోజులుందనగా, ఒక తెల్లవారుజామున, వరుసకట్టే ఫాలిన్‌కు ముందు అతని భుజం మీద చెయ్యి వేశాను. చొక్కా మీంచే వేడి తగిలింది. థర్మామీటర్ పెట్టాను. నూట రెండు.

సిక్ రిపోర్ట్ పుస్తకం నా చేతిలోనే ఉంది. జబ్బుచేసినవాళ్ళ పేర్లు అందులో రాస్తాం. పేరు రాస్తే అతని స్థానం రిజర్వులో ఉన్నవాడికి పోతుంది.

"రాయకండి ఉస్తాద్, మీకు దండమెడతాను. టీవీలో అవుపిస్తానని మాయమ్మకి సెప్పీసినాను. గోలీ ఏసుకున్నాను. తగ్గిపోద్ది."

"పరిగెత్తగలవా?"

"ఎందుకు పరిగెత్తనేను?"

పుస్తకం మూసేశాను. అతనికోసం అనుకున్నాను. నిజానికి ఆ వరుస చెదరడం నాకే ఇష్టం లేదు.

మూడో కిలోమీటరు దగ్గర పడిపోయాడు. తూలలేదు, కేక వెయ్యలేదు. మోకాళ్ళు మడుచుకుపోయి ముఖం నేలకు కొట్టుకుంది. వైర్‌లెస్ సెట్‌లో వైద్యుల గదిని పిలిచాను. డాక్టరే పలికింది.

"ఊపిరుందా?"

"ఉంది."

"నాడి?"

"లెక్క అందట్లేదు మేడమ్. ఆగి ఆగి కొడుతోంది."

"జ్వరం ఏమన్నా ఉండెనా?"

నా బొటనవేలు సెట్ బటన్ మీదే ఉంది. ఆ ఛానెల్ గ్రౌండ్‌లో అందరూ వింటారు. నా పై అధికారి సుబేదార్ సాబ్ కూడా.

"నూట రెండు. పరుగుకు ముందు."

"మీకు ఎరుకేనా?"

"తెలుసు."

"అంబులెన్స్ పంపుతున్న. నాడి వదలకండి." ఆరు నిమిషాలకు అంబులెన్స్ వచ్చింది. ఆ ఆరు నిమిషాలూ అతని మణికట్టు వదల్లేదు. నాడి రెండుసార్లు ఆగిపోయిందనుకున్నాను. రెండుసార్లూ మళ్ళీ కొట్టింది.

గుండె కండరానికి వాపు వచ్చిందని సాయంత్రానికి తేలింది. బతికాడు. ఆరు నెలలు పరుగు వద్దన్నారు, బరువులు వద్దన్నారు.

సుబేదార్ సాబ్ నన్ను కేకలెయ్యలేదు. పుస్తకం తీసుకున్నాడు. "కల్ సే తుమ్ నహీ," అన్నాడు, రేపట్నుంచి నువ్వు వద్దని. నేను కలిపిన పరుగు తీసేశారు. ఏడు గంటల నిద్ర, తెరిచిన కిటికీలు, దూరం జరిపిన మంచాలు. దగ్గేవాళ్ళను వేరే గదికి పంపారు. వారంలో బ్యారక్ నిశ్శబ్దమైంది. కవాతుకు ముందే నన్ను యూనిట్‌కు వెనక్కి పంపేశారు.

ఇప్పుడు రిటైరై ఒంగోలులో ఉంటున్నాను. రోజూ గంట నడుస్తాను. ఒళ్ళు వెచ్చబడితే ఆ పూట నడవను. పరేడ్ ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకు నేను చూడలేదనే చెబుతాను.

ఢిల్లీ నుంచి వెనక్కి రైలెక్కిన రోజు ఆ కుర్రాణ్ణి చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాను. అతను నిద్రలో ఉన్నాడు. ఛాతీ నిండా వైర్లు. దుప్పటి కింద పాదాలు రెండూ కదులుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. నర్సు వచ్చి రెండు చేతులతో మెల్లగా పట్టి ఆపింది. ఆమె చేతులు తియ్యగానే మళ్ళీ మొదలయ్యాయి.