నేను కలిపిన ఐదు మిల్లీమీటర్లు

ఎడమ చేతి రెండు వేళ్లు మీటల మీద, కుడి చేయి మౌసు మీద, ముక్కు తెరకు జానెడు దూరంలో. మెయిల్లోంచి అంకె తీసి షీట్‌లో పెడుతున్నాను. షీట్‌లోంచి తీసి జాబ్ కార్డులో పెడుతున్నాను. కార్డులోంచి తేదీ తీసి క్యాలెండర్లో పెడుతున్నాను. పదకొండేళ్లుగా సోమవారం పొద్దున్న నా పని ఇదే. ఒకే కంప్యూటర్లో పక్కపక్కనే ఉండి కూడా మాటల్లేని నాలుగిళ్ల మధ్య కబుర్లు మోసే మనిషిని నేను.

మాది చెప్పుల కొట్టు. బజార్లో దొరికే జోడు పట్టని పాదాలకు కొలిచి బూట్లు కుడతాం. ఒక కాలు పొట్టివాళ్లు, వేళ్లు వంకర తిరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఎముకల క్లినిక్కు నుంచి మా దగ్గరికి వస్తారు. గది ఒకటే, మధ్యలో చెక్క అడ్డు. అటువైపు జిగురు వాసన, మా ఆవిడ కుట్టుమిషను, మా బావ ఆకురాయి. మా బావంటే మా ఆవిడకు అన్నయ్య. పాదం కొలతకు సరిపోయేలా కట్టెతో అచ్చు చెక్కుతాడు, ఆ అచ్చు మీదే బూటు బిగుస్తుంది. అడ్డుకు ఇటువైపు నేనూ, కంప్యూటరూ.

ఎప్పుడూ ఇటువైపే లేను. పదిహేడేళ్లప్పుడు పారేసిన బూటు ఒకటి ఏరుకొచ్చి, కుట్లు విప్పి, ముక్కలన్నీ నేల మీద పరిచి, చూసి నేర్చుకున్నాను. గురువు లేడు. నాలుగు నెలలు కష్టపడి నా మొదటి జత కుట్టాను. కుట్లు ముత్యాల్లా వచ్చాయి. రెండూ ఎడమకాలివే. ఆ జతను మా బావ ఇప్పటికీ అచ్చుల అల్మరా మీద జాగ్రత్తగా పెట్టుకున్నాడు. నాకు కాస్త గర్వం వచ్చినట్టు కనిపిస్తే మాట్లాడకుండా అటు చూస్తాడు, అంతే.

తర్వాత చెయ్యి కుదిరింది, పేరూ వచ్చింది. ఆపైన కళ్లు మసకేశాయి. సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పడుతున్న రోజుల్లో మా ఆవిడ అంది: "ఏమండీ, మీరిక ఆ కంప్యూటరు ముందు కూర్చోండి. అక్కడ తప్పు చేస్తే చెరిపెయ్యొచ్చు. తోలు మీద చెరపలేం." కళ్లు సరిగా కనబడనివాణ్ణి అంకెల ముందు కూర్చోబెట్టడం ఏం న్యాయమో నాకు తెలియదు. కూర్చున్నాను.

ఆ సోమవారం మెయిల్ తెరవగానే పక్కన కొత్త గడి ఒకటి కనబడింది. ఏఐ సహాయకుడట. ఏం కావాలో మామూలు మాటల్లో రాయమంది. పరీక్షిద్దామని రాశాను: "క్లినిక్కు నుంచి వచ్చిన మెయిళ్లు చదువు. కొలతలు షీట్‌లో ఎక్కించు. జాబ్ కార్డులు తయారుచెయ్యి. తేదీలు క్యాలెండర్లో వెయ్యి."

టీ గ్లాసు ఎత్తి దించేలోగా తొమ్మిది ఆర్డర్లు అయిపోయాయి. నాకు మధ్యాహ్నం దాకా పట్టే పని.

అడ్డు మీంచి తల పెట్టి ప్రకటించాను. "విన్నారా! నా పనంతా ఒక్క నిమిషంలో చేసేసింది. ఒక్క అంకె తప్పులేదు, సరిచూశాను."

"మరి ఇన్నాళ్లూ మధ్యాహ్నం దాకా ఏం చేసినట్టు బావా?" అన్నాడు మా బావ, ఆకురాయి ఆపకుండా.

"దీంట్లో బుర్రతో పనేం లేదు. ఇక్కడిది అక్కడ పెట్టడమేగా. అలాంటి పనికి మనిషి దండగ."

"ఆ సంగతి మేం చెబితే బాగుండదని ఊరుకున్నాం" అంది మా ఆవిడ.

ఆ తొమ్మిదింటిలో మొదటి కార్డు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మది. నలభై ఏళ్లుంటాయి. మెట్ల మీంచి జారి మడమ ఎముక విరిగింది. అతికింది గానీ ఎడమ కాలు రెండు సెంటీమీటర్లు పొట్టి అయింది, పాదం రూపు మారింది. పై సోమవారం మళ్లీ డ్యూటీలో చేరాలి. షిఫ్టంతా నిలబడి చేయగలిగితే వార్డు, లేకపోతే రికార్డుల గదిలో కుర్చీ. అంతకుముందు వారం తోలు రంగు ఎంచుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది: "కుర్చీ ఇస్తాం, హాయిగా కూర్చోమంటున్నారండీ. ఏడు నెలలు కూర్చునే ఉన్నాను. ఇంక నా వల్ల కాదు." శనివారానికి బూట్లు చేతిలో పెడతానని మాటిచ్చాను. మాట ఇవ్వడంలో నా అంత తొందర ఎవరికీ ఉండదు.

బుధవారం పొద్దున్న ఆమె కొలత చూసుకోవడానికి వచ్చింది. అడుగు ఇంకా అతికించలేదు, పైభాగం బిగించి ఉంది. కుడికాలు ఎలాగో ఇరుక్కుంటూ వెళ్లింది. ఎడమకాలు వెళ్లలేదు. మా ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, ఇత్తడి రేకు మడమ వెనక పెట్టి నెమ్మదిగా తోసింది. నర్సమ్మ పెదవి కొరుక్కుంది. మడమ బయటే ఉండిపోయింది.

"నా కాలే వాచినట్టుందండీ" అంది నర్సమ్మ, తప్పు తనదే అన్నట్టు. "నిన్న కాస్త ఎక్కువ నడిచాను."

ఆ మాటకు నా గాలి పూర్తిగా పోయింది. ఆమెను నేల మీద కాగితం పరిచి నిలబెట్టాను, పెన్సిల్‌తో రెండు పాదాల చుట్టూ గీశాను. ఎడమది రెండు వందల ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. మా బావ అచ్చు పట్టుకొచ్చి కొలిచాడు. రెండు వందల ఇరవై తొమ్మిది.

"ఐదు తక్కువ" అన్నాడు.

"సాయంత్రం ఫోన్ చేస్తాం తల్లీ, బెంగపెట్టుకోకు" అని ఆమెను పంపించి, కంప్యూటరు మీద పడ్డాను. నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషంగా కూడా ఉంది. మనిషి లేకపోతే ఇంతే మరి! ఆ యంత్రాన్ని నిలదీద్దామని రాశాను: "నర్సమ్మ ఎడమ పాదం కొలత తప్పు ఎందుకు ఎక్కించావు?"

అది తొణక్కుండా జవాబిచ్చింది. క్లినిక్కు మెయిల్లో ఉన్నది రెండు వందల ముప్పై ఒకటి, షీట్‌లో అదే, కార్డులో అదే. కావాలంటే చూసుకోమని మెయిల్ తెరిచి పెట్టింది. అదే నిజం.

అంతటితో ఊరుకోలేదు. కింద ఇంకో ముక్క చేర్చింది: "ఏడాదిగా వచ్చిన మెయిళ్లతో షీట్‌ను పోల్చి చూశాను. ఈ క్లినిక్కువి నాలుగు వందల పదహారు ఆర్డర్లలో నాలుగు వందల ఏడింటి కొలతలు, మెయిల్లో ఉన్నదానికంటే ఐదు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉన్నాయి. ఇవి టైపింగ్ పొరపాట్లు కావచ్చు. అన్నిటినీ సరిచేయమంటారా?"

మళ్లీ మొదటి నుంచి చదివాను. వెనక మా ఆవిడ నిలబడి ఉన్న సంగతి అప్పుడు తెలిసింది.

"నాలుగు వందల ఏడు పొరపాట్లా!" అంది.

"పొరపాట్లు కాదే. అవి నేను కలిపినవి."

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడాది క్లినిక్కు కొలతలతో కుట్టిన రెండు జతలు బిగుతుగా వచ్చాయి. అక్కడ కొలతలు తీసే ఆవిడ, మేం కొలతలమ్మ అంటాం, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కొలుస్తుంది. నిలబడితే బరువుకి పాదం సాగుతుంది. అందుకని షీట్‌లోకి ఎక్కించేటప్పుడు ఐదు కలపడం మొదలుపెట్టాను. ఎవరికైనా చెబుదామనుకున్నాను, రేపు చూద్దామనుకున్నాను, తర్వాత నేనే మరిచిపోయాను. చెయ్యి మాత్రం మరవలేదు. కళ్లు రెండు వందల ముప్పై ఒకటి చూస్తే వేళ్లు ముప్పై ఆరు కొట్టేవి. మిగిలిన తొమ్మిదీ ఈ సోమవారం అది ఎక్కించినవి. బుర్రతో పనేం లేదని సోమవారం చాటింపు వేశానే, ఆ కాస్త బుర్ర అక్కడుంది. నా తలలో కాదు, వేళ్లలో.

"సరే, ముప్పై ఒకటే అనుకుందాం" అన్నాను. "మరి అచ్చు ఇరవై తొమ్మిది ఎలా అయింది? కార్డులో అలా లేదే?"

ఆకురాయి చప్పుడు ఆగింది.

"అది... నేను రెండు గీకుతాను బావా" అన్నాడు మా బావ.

"గీకుతావా? ఎప్పట్నుంచి?"

"నువ్వు అటు కూర్చున్న మొదటి ఏడాది నుంచీ అనుకో. నువ్వు రాసిన కొలతకి చేస్తే బూటు వదులొచ్చేది. బావ కదా, కాస్త ఎక్కువేసి చెబుతాడులే, అలవాటే కదా అనుకున్నాను. చెబితే నొచ్చుకుంటావని..."

అంటే కొలతలమ్మ మూడు తక్కువ పంపేది. నేను ఐదు కలిపేవాణ్ణి. మా బావ రెండు గీకేసేవాడు. అలా పదకొండేళ్లు మా బూట్లు అతికినట్టు సరిపోయాయి, మా పనితనాన్ని జనం మెచ్చుకున్నారు. నా ఐదూ పోయి బావ రెండూ మిగిలేసరికి నర్సమ్మ మడమ బయట ఉండిపోయింది.

మా ఆవిడ చేతులు కట్టుకుంది. "చెక్క అడ్డుకి అటొకరూ ఇటొకరూ కూర్చుని రోజంతా ఊళ్లో వాళ్ల సంగతులన్నీ మాట్లాడుకుంటారే! ఈ ఒక్క ముక్క మాట్లాడుకోవడానికి పదకొండేళ్లు చాలలేదా?"

మా బావ తల తిప్పి అల్మరా పైకి చూశాడు. నేనూ చూశాను. రెండు ఎడమకాళ్లు.

క్లినిక్కుకి ఫోన్ చేశాను. గొంతు సవరించుకుని, ఎంతో నాజూగ్గా అడిగాను: "అమ్మా, ఇకనుంచి మనిషిని నిలబెట్టి కొలవడానికి వీలవుతుందా?"

"దానికేముందండీ, కొలుస్తాను" అంది కొలతలమ్మ. "మీకు కూర్చోబెట్టి కొలిస్తేనే కావాలేమో అనుకున్నా. ఇన్నేళ్లలో మీరెప్పుడూ అడగలేదు కదా."

ఫోన్ పెట్టేసి కంప్యూటరు వైపు తిరిగాను.

సహాయకుడికి కొత్తగా రాశాను. షీట్‌లో ఒక గడి చేర్చు, కొలత కూర్చుని తీసిందో నిలబడి తీసిందో అందులో ఉండాలి. కూర్చుని తీసిందైతే మూడు కలుపు, కలిపినట్టు కార్డు మీద రాయి. అది వెంటనే అడిగింది: "అందరికీ మూడేనా? బరువును బట్టి, పాదాన్ని బట్టి మారుతుందా?" చాలాసేపు ఆలోచించాను. మారుతుంది. ఎంత మారుతుందో నాకు తెలియదు. అంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకు నేనూ వేసుకోలేదు. చివరికి రాశాను: "అయితే ఏమీ కలపకు. కూర్చుని తీసిన కొలత వస్తే పని ఆపి నాకు చెప్పు. నేను మనిషిని పిలిచి నిలబెడతాను." మిగతా ఎనిమిదిమందికీ మళ్లీ కొలతకు రమ్మని అదే కబుర్లు పంపింది. పాత నాలుగు వందల ఏడింటి జోలికి మాత్రం వెళ్లనివ్వలేదు. నా వెర్రి నాకు ఆనందం.

ఇక బూట్లు. తోలు ఐదు మిల్లీమీటర్లు సాగదు, లాగితే చిరుగుతుంది. సగం అయిన జతను పక్కన పడేశాం. ఎడమకాలికి ఐదు, ఇరుకుగా వచ్చిన కుడికాలికి నాలుగు పెంచాలి. మా బావ అచ్చుల ముందు వెనక తోలు ముక్కలు అతికించి, ఆరబెట్టి, నున్నగా గీకాడు. గీకే ముందు ప్రతిసారీ "గీకుతున్నా బావా, చూసుకో" అని అరిచాడు. నాలుగోసారికి మా ఆవిడ కత్తెర చూపించాక ఆపాడు. ఆమె కొత్త తోలు కత్తిరించి పైభాగం కుట్టింది. గురువారం మధ్యాహ్నానికి అది నా ముందు పెట్టి, "చేతులు ఖాళీ లేవు, మీరే బిగించాలి" అంది.

కళ్లద్దాలు నుదుటి మీదకి తోసేశాను. అచ్చు మీద తోలు లాగి బిగించడానికి కళ్లతో అంత పని లేదు. కొన దగ్గర ఒక మేకు, మడమ దగ్గర ఒకటి, తర్వాత పక్కలు. పటకారు తిప్పినప్పుడు తోలు ఎక్కడ లొంగుతుందో ఎక్కడ మొండికేస్తుందో వేళ్లకు తెలుస్తూనే ఉంది. రెండో బూటుకి బొటనవేలి మీద సుత్తి దెబ్బ కొట్టుకున్నాను కూడా. పాత రోజులు వచ్చాయనిపించింది. శుక్రవారమంతా అచ్చు మీదే ఉంచాం. సాయంత్రం మా బావ అడుగు అతికించాడు, ఎడమదానికి రెండు సెంటీమీటర్ల ఎత్తు చేర్చి.

శనివారం మూడు గంటలకి నర్సమ్మ వచ్చింది. ఈసారి ఇత్తడి రేకు అక్కర్లేకపోయింది. మడమ దానంతటదే దిగి కూర్చుంది. లేచి నిలబడింది. అడ్డు దాకా నడిచింది, వెనక్కి తిరిగింది, గుమ్మం దాకా నడిచింది. కూర్చోమని మా ఆవిడ కుర్చీ లాగింది.

"వద్దమ్మా" అంది నర్సమ్మ. అలా నిలబడే టీ తాగింది. నిలబడే మా బావతో వార్డు కబుర్లు చెప్పింది. గోడ గడియారంలో ముప్పావు గంట గడిచింది. ఒక్కసారి కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకోలేదు. నేను ఆమె ముఖం చూడలేదు, పాదాలే చూస్తున్నాను.

"సోమవారం షిఫ్టు ఎనిమిది గంటలండీ" అంది గ్లాసు కింద పెట్టి. "సరిపోతాయి."

విప్పి పెట్టెలో పెట్టమంటుందేమోనని డబ్బా తెరిచి పట్టుకున్నాను. ఆమె తన పాత చెప్పులు తీసి అందులో పెట్టింది. మూత వేసి, దారం కట్టి, ఆమె చేతికిచ్చాను.