చివర దిగే మనిషి

దేవదానం సార్ ఇక లేరు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. రాశాక చదువుకుంటే ఇది ఎవరి గురించో రాసిన మాటలా ఉంది. గోదావరిఖని గని కార్మికుల పిల్లలకు ఏళ్ల తరబడి వ్యాయామవిద్య గరపిన ఆ కఠోర క్రమశిక్షణాపరాయణులు గత నెల ఒక సాయంకాలం బడి మైదానంలో, సున్నం డబ్బా చేతిలో ఉండగానే కుప్పకూలారు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది.

అప్పుడు నేను హాలేజీ ఇంజన్ దగ్గర డ్యూటీలో ఉన్నాను. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో గనిలోంచి పైకి లాగే యంత్రం అది. రాజమల్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని వాడిది. వరసకు నాకు బావ. "బావా, సార్ సచ్చిపోయిండు" అన్నాడు.

"వచ్చే నెల రైలు గద" అన్నాను.

ఆప్తుడు పోయాడని వింటే మొదట నోట రావలసిన మాట అది కాదు. కాని వచ్చింది అదే. మనిషి పోయిన దుఃఖం ఒక పక్క, ఇంతకాలం ఊరించి చివరికి చెయ్యిచ్చాడన్న ఉక్రోషం ఒక పక్క. నేటికీ ఆ రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రైలు సంగతి తెలియనివారి కోసం చెబుతాను. సార్, రాజమల్లు, నేను కలిసి హిమాలయాల్లో ఒక కొండగట్టు దాటాలని ఎనిమిదేళ్లుగా సన్నాహం చేస్తున్నాం. సార్ ఈ ఊరికి రాకముందు సైన్యంలో ఉన్నారు. కుమావూఁ కొండల్లో వారి గుడారాల ఎదుట, రెండు లోయల నడుమ గోడలా లేచిన ఒక రాతి వెన్ను ఉండేదట. కొన్నిచోట్ల దానిమీద నిలబడి నడవడానికి వీల్లేదు, చేతులూ కాళ్లూ ఆనించి పాకాలి. ఇటు జారినా అటు జారినా పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. "పొద్దుగాల లేస్తే ఎదురుంగ అదే కనపడేది. పోదామంటే ఆర్డర్ లేకుండె. ఇప్పుడు నన్ను ఆపెటోడెవడు?" అనేవారు. ఆపేవాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పటికి ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

సంస్మరణ వ్యాసాల్లో పోయినవారిని అజాతశత్రువు అనడం రివాజు. దేవదానం సార్‌ను ఆ మాట అంటే సమాధిలోంచి విజిల్ ఊదుతారు. ఆయనతో తగవు పడని ఉపాధ్యాయుడు బడిలో లేడు. చర్చిలో పాటకు ముందే లేచి నిలబడిన వాళ్లను కూడా కళ్లతోనే కూర్చోబెట్టేవారు. కోపం ముక్కు మీదే ఉండేది, క్షమాపణ నాలుక మీదికి ఎన్నడూ రాలేదు. అయినా షిఫ్టు దిగి ఒళ్లు హూనమైన మనుషులం ఆయన పిలిస్తే ఎందుకు పోయేవాళ్లమో నాకు ఈనాటికీ అంతుబట్టదు.

మొదటి అభ్యాసానికి రామగిరి ఖిల్లాకు తీసుకుపోయారు. సైకిళ్లు కింద పెట్టి బండల మీదుగా ఎక్కాం. ఎండ ముదరకముందే పైకి చేరాం. మాది ఇంక్లైన్ గని, అప్పట్లో నేనూ లోపలే పనిచేసేవాణ్ణి. పొద్దున ఏటవాలుగా గనిలోకి దిగిపోతాం, షిఫ్టు అయ్యాక ఆయాసపడుతూ ఎక్కి వస్తాం. పైకి వచ్చామంటే పని అయిపోయినట్టే. ఆ అలవాటు ఎముకల్లో ఉంది. అందుకే ఖిల్లా మీదికి చేరగానే సద్ది విప్పి అంతా తిన్నాం, నీళ్లన్నీ తాగాం. రాజమల్లు బీడీ కాల్చి నడుం వాల్చాడు. సార్ మా వంక చూస్తూ ఊరుకున్నారు. దిగేటప్పుడు రాజమల్లు కాళ్లు వణికాయి. బండ మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. వాణ్ణి మోసుకుని దిగుతుంటే సార్ అన్న మాట ఇది: "గనిల పైకొస్తె డ్యూటీ అయిపోతది. కొండ మీద పైకొస్తే సగం డ్యూటే అయితది. అది మీకు తెలుస్తదా లేదా అని చూసిన."

"చూసుడెందుకు సార్, చెప్తే అయిపోవు గద" అని మూలిగాడు రాజమల్లు.

"చెప్తే ఇంటరా మీరు?"

నిజమే, వినేవాళ్లం కాదు. అయినా మడమ విరిగింది ఆయనది కాదు.

ఆ రోజు నుంచి సన్నాహమంతా తలకిందులైంది. సార్ ప్రణాళికను చివర నుంచి మొదలుపెట్టారు. ముందు రామగుండం స్టేషన్లో తిరిగి దిగడం, అంతకుముందు కొండ కింది ఊరు, అంతకుముందు గట్టు దిగడం. ఎక్కడ చీకటి పడితే ఎక్కడ ఆగాలి, మబ్బు పడితే ఏ వాలులో దిగిపోవాలి, నీళ్లు ఎంత మిగిలితే వెనక్కి తిరగాలి, అన్నీ దిగడానికి సంబంధించినవే. ఎక్కడం గురించి అడిగితే మండిపడేవారు. "ముందు దిగుడు చెప్పు" అనేవారు. ఏళ్లు గడిచాయి. మేం గట్టు మీద కాలు పెట్టకుండానే వందసార్లు దాన్ని దిగాం.

బడి మైదానంలో సున్నంతో గట్టును గీసేవారు. వంకరలన్నీ వేసి, అసలు గట్టు ఎక్కడ సన్నబడుతుందో అక్కడ గీతలను దగ్గరికి తెచ్చేవారు. నెత్తిన మూట పెట్టుకుని ఆ గీతల మధ్య మేం నడవాలి. కాలు గీత దాటితే విజిల్. "సచ్చినవ్. మళ్ల మొదటికెల్లి రా." కాలనీ జనం గోడల మీద కూర్చుని చూసి నవ్వేవారు. చదును నేల మీద అన్నిసార్లు చచ్చిన మనుషులు ఈ బొగ్గుబెల్టులో మరెవరూ ఉండరు.

ఇక అడ్డంకుల సంగతి. మొదట్లో ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరకలేదు. దొరికిన ఏడు ప్రత్యేక తెలంగాణ ఆందోళన వచ్చి బడులూ బస్సులూ అన్నీ మూతపడ్డాయి. తర్వాత యుద్ధమన్నారు. ఆ పైన ఒక ఏడు అన్నీ కుదిరితే, "మీరింక తయారు కాలే" అని సారే వాయిదా వేశారు. ఆ ఏడు నేను ఆయన మొహం మీదే తిట్టాను. కిందటేడు టికెట్లు చేతిలో ఉండగా రైల్వే సమ్మె మొదలైంది. ముగ్గురం మూటలతో రామగుండం ప్లాట్‌ఫారం మీద కూర్చుని, కదలని పట్టాలను సాయంత్రం దాకా చూసి ఇంటికొచ్చాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత మాకోసమే పుట్టింది.

సార్ దగ్గర సైన్యంలోని స్నేహితుడు పంపిన మంచి నైలాన్ తాడు ఒకటి ఉండేది. ఇంట్లో గోడకు చుట్టగా వేలాడేది. సార్ భార్య కరుణమ్మగారికి ఆ తాడంటే మంట. "సవతోలె ఏలాడుతది గోడకు. వానకాలం బట్టలారేసుకుంట అంటే ముట్టనియ్యడు" అని మాకు చెప్పుకునేది.

ఆ తాడుతోనే సార్ మాకు నిటారు బండలు దిగడం నేర్పారు. నడుముకు తాడు కట్టుకుని ఒకరు దిగుతుంటే పైన ఒకరు బండకు మడమలు తన్నిపెట్టి తాడు కొద్దికొద్దిగా వదలాలి. దిగినవాడు కింద కాలు కుదురుకున్నాక తాడును రెండుసార్లు గుంజాలి. అది నా పని నుంచి తీసుకున్న పద్ధతే. గని కింది నుంచి గంట మోగనిదే నేను ఇంజన్ కదపను. సార్ ఆ సంగతి నన్ను గుచ్చిగుచ్చి అడిగి కొండకు తెచ్చుకున్నారు. "కింద ఏమైందో పైనోనికి కనపడదు. గుంజేదాక తాడు ఇడువద్దు. ఎవడు చెప్పినా ఇడువద్దు" అనేవారు.

మమ్మల్ని ఇద్దర్నీ దింపాక చివర ఆయన దిగేవారు. ఆయనకు పైనుంచి తాడు పట్టేవాళ్లు ఉండరు కదా. తాడును బండ చుట్టూ తిప్పి, రెండు పేటలూ పట్టుకుని ఒక్కడే దిగి వచ్చేవారు. ఆ విద్య మాకూ నేర్పమని ఎంత అడిగినా నేర్పలేదు. "అది నా జాగ" అని కొట్టిపారేసేవారు. ఈ జనవరిలో కూడా గట్టిగా అడిగాను. "నీకేమన్న అయితే మేం ఎట్ల దిగాలె సార్?" అన్నాను. మైదానం వైపు చూస్తూ, "నాకేమైతది?" అన్నారు.

ఇదిగో, ఇదైంది. సెలవు మంజూరైంది. రైళ్లు నడుస్తున్నాయి. ఎండలు, మంచు, తిండి, మూటలు అన్నీ ఆయన చెప్పినట్టే కుదిరాయి. చివర ఉండే మనిషి ఒక్కడు లేడు. ఆ చోటు భర్తీ చేయడం మాలో ఎవరివల్లా కాదు. ఆయన మాకు అంత నేర్పి అది ఒక్కటీ ఎందుకు దాచుకున్నారో తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం, ఏడుపు కలిసే వస్తాయి. టికెట్లు వాపసు ఇచ్చేశాం. ఆ మహానుభావునికి పాదాభివందనం. ఆయన మీద నా అలక మాత్రం అలాగే ఉంది.

సమాధుల తోటలో పెట్టె దింపే వేళకు కరుణమ్మగారు ఆ తాడు తీసుకుని వచ్చింది. ఎవరో తెచ్చిన కొబ్బరి తాళ్లను పక్కకు తీయించింది. "గీ తాడుతోనే దించుండ్రి" అంది. తాడును రెండు ముక్కలు చేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మడిచి పెట్టె కింద రెండుచోట్ల వేశాం. తల వైపు రాజమల్లు, నేను. కాళ్ల వైపు ఆయన తమ్ముళ్లు. సార్ దిగుతుంటే పైనుంచి మేం తాడు పట్టడం అదే మొదటిసారి. ఆయన నేర్పినట్టే మడమలు తన్నిపెట్టి, కొద్దికొద్దిగా వదిలాం. పెట్టె ఎక్కడా తగలకుండా అడుగున ఆనింది.

పాస్టరుగారు ఇక వదలమని సైగ చేశారు. తమ్ముళ్లు వదిలారు, నేనూ వదిలాను. రాజమల్లు వదలలేదు. తాడు బిగపట్టి, గుంతలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. పాస్టరుగారు మళ్లీ చెప్పారు. వెనక జనం గుసగుసలాడారు.

"ఇడువు బావా" అన్నాను.

"ఇంక గుంజలే" అన్నాడు.

నేను వంగి, వదిలేసిన కొస మళ్లీ అందుకున్నాను. పాస్టరుగారు మా ఇద్దరినీ చూసి ప్రార్థన మొదలుపెట్టారు. అది ముగిసేదాకా తాడు మా చేతుల్లోనే ఉంది.