అత్త మొక్కుకున్న కాటు

మేడమీది అత్త పోయింది. ఈ వార్త మీకు చెప్పవలసిన బాధ్యత నాకెవరూ అప్పగించలేదు. నేను అలాంటి బాధ్యతలు అప్పగించదగిన మనిషిని కానని మద్రాసులో మా చూలై వీధి మొత్తానికీ తెలుసు. అయినా చెబుతున్నాను. ఆదివారం పొద్దున పాల ప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోసి, "కుంచెం కూర్చుంటా" అని వంటింటి గడప దగ్గర కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

అత్త నాకు చుట్టం కాదు. మేము కింద, వాళ్ళు పైన, మధ్యలో మెట్లు. ఆ మెట్ల కింద దొర.

దొర అంటే కుక్క. ఏడాది కూడా నిండని వీధికుక్క. లోడ్ ఆటో ఒకటి గుద్దిపోయాక వాడి ముందు ఎడమకాలు పనిచేయడం మానేసింది. పాదం వెనక్కి మడతపడి, నడిస్తే పాత గుడ్డలా నేలమీద ఈడ్చుకుపోయేది. చెయ్యి కదపకుండా కూర్చుని తింటాడు గనక దొర అని పేరు పెట్టింది నేనే. నా సేవ అంతటితో ఆగిపోతుందనుకున్నాను. ఎందుకంటే నాకు కుక్కలంటే భయం. డిగ్రీ పూర్తి చేశాక పోతుందేమో అనుకున్నా, పోలేదు.

అత్త వాడిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, ఆటోలో పట్టుకోవడానికి నన్ను వెంటేసుకెళ్ళింది. భుజం దగ్గర నరం దెబ్బతిందన్నాడాయన. కొన్నాళ్ళు చూద్దాం, స్పర్శ వస్తే ఆశ ఉంది, రాకపోతే ఈడ్చి ఈడ్చి పుండుపడి ప్రాణం మీదికి వస్తుంది, కాలు భుజం దాకా తీసేయాల్సిందే అన్నాడు.

"వచ్చిందని ఎట్టా తెలిసేది సార్?"

"వేలు గట్టిగా గిల్లండమ్మా. నొప్పి తెలిస్తే తిరిగి కరవడానికి వస్తాడు."

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకే వినాయకుడికి మొక్కుకున్నాం. వాడు కరవాలని అత్త, కరవకూడదని నేను. స్వామి చాలాకాలం నా పక్షానే ఉన్నాడు.

వీధిలో బండి చప్పుడు వింటే చాలు, దొర మెట్ల కింద ముడుచుకుపోయేవాడు. అందుకని అత్త రోజూ పొద్దున్నే వాడిని ఎత్తుకుని మేడమీదికి తెచ్చేది. పసిపిల్లల మేజోడుకు అడుగున సైకిల్ ట్యూబు ముక్క కుట్టి పాదానికి తొడిగేది. వేడిగుడ్డతో కాపడం పెట్టేది. ఒక్కొక్క కీలూ మెల్లగా మడిచి చాపేది. పాత తువ్వాలు రొమ్ము కింద వేసి పైకి పట్టుకుని నడిపించేది. చివర్న గిల్లుడు. అప్పుడు వాడి తల పట్టుకునే ఉద్యోగం నాది.

"అత్తా, నా చేతికి ఐదు వేళ్ళే ఉన్నాయి."

"చుమ్మా ఊరుకుండ్రా! సూదులన్నీ ఏయించినాం కదా వాడికి. కరిస్తే ఈదికంతా పాయసం పోస్తా."

"నాకు?"

"నీకు కట్టు కడతా. పట్టుకో."

గిల్లేది. దొర ట్యాంకు మీది కాకిని చూస్తూ ఉండేవాడు, గిల్లింది ఎవరి కాలో అన్నట్టు. "ఏం కాదులే, రేపు చూద్దాం" అనేది అత్త. మాట నిబ్బరంగానే ఉండేది, చేతి గాజులు మాత్రం సన్నగా చప్పుడు చేస్తూనే ఉండేవి. నన్ను ధైర్యంగా ఉండమని చెప్పే మనిషికి నాకంటే భయమని ఆ గాజులు చెప్పేవి.

అత్త పోయాక వాడిని ఎవరూ గిల్లలేదు. అన్నం గిన్నె కాలితో మెట్ల కిందికి తోసి పారిపోవడమే నా చేతనైంది. డాక్టరు మళ్ళీ చూస్తానన్న వారం దగ్గరపడుతోంది. గిల్లితే కదలకపోతే? గిల్లనంత వరకూ కాలు ఉన్నట్టే కదా అనుకుని దూరంగానే తిరిగాను.

కర్మ రోజున మేడమీద విస్తట్లో అన్నం పెట్టి, కాకి రావాలని అందరూ మెట్ల వైపు వచ్చి దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చింది. ట్యాంకు మీద కూర్చుంది. దిగలేదు.

"ఏందో కోరిక మిగిలిపోయుండాది" అంది ఒక పెద్దావిడ.

షోళింగనల్లూరు ఆఫీసులో పనిచేసే అత్త కొడుకు చేతులు జోడించాడు. "అమ్మా, నీ గ్రైండరు ఎవురికీ ఇయ్యంలే మా."

కాకి కదల్లేదు.

"నాయన్ని మా కూడానే పెట్టుకుంటాం మా" అన్నాడు.

కాకి మెడ వంచి ట్యాంకు నీడలోకి చూసింది. నేనూ వంగి చూశాను. విస్తరికి జానెడు దూరంలో దొర. తన వేళకు తాను ఎట్లా ఎక్కి వచ్చాడో, మేజోడు చిరిగి వేళ్ళాడుతోంది. అన్నం వైపు చూడటం లేదు. మెట్ల వైపు చూస్తూ అత్త కోసం కూర్చున్నాడు. కాకి భయం అదీ.

వెళ్ళాను. అత్త ఎత్తుకున్నట్టే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒకటి వెనక వేసి ఎత్తాను. మెట్లు దిగుతుంటే ఆ కాలు నా మణికట్టు మీద వేళ్ళాడుతోంది. సగం మెట్ల మీద కూలబడ్డాను. ఇప్పుడు వాడి తల పట్టుకోవడానికి ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని గిల్లాను.

గుర్రుమన్నాడు. ఆ వెంటనే పళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి.

"కరిచాడు!" అని అరిచాను. "అత్తా, కరిచాడు!"

పైన అందరూ నా వైపు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకాల మేడమీద, విస్తరి దగ్గర, రెక్కల చప్పుడు. నేను మాత్రం చెయ్యి పైకెత్తి పట్టుకునే కూర్చున్నాను. రక్తం లేదు, రెండు పంటి గుర్తులు. కట్టు కట్టడానికి వచ్చే అత్త గాజుల చప్పుడు వినపడేలోగా అవి మాసిపోతాయేమోనని భయం.