పండుగప్ప తలకాయ, ప్రపంచ కప్పు

పోలేరమ్మవ్వ గడుసుతనం పాళెమంతా ఎరుగుదురు. అక్కడ సముద్రంలో పరిచిన అలివి వలను ఒడ్డుకు లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివారికీ చేపల్లో వాటా ఉంటుంది. పొద్దున్నుంచి లాగినవాళ్ళ నడుములు పడిపోయాక, వల ఇసుకకు తగిలే సమయానికి అవ్వ గంపతో సహా ప్రత్యక్షమై తాడు పట్టుకుంటుంది. వాటా మాత్రం నిండుగా అడుగుతుంది. ఆ చేపల్నే దొరవారిసత్రం బజారుకు తీసుకెళ్ళి, "చేతులు బొబ్బలెక్కేటట్టు లాగినానమ్మా" అని అమ్ముతుంది.

ఇంతటి మనిషికీ ఒక కోరిక తీరలేదు. పండుగప్ప చేప పులుసులో తలకాయ ముక్క. కాపురానికొచ్చిన నాటినుంచీ అది తాత చిన్నపోలయ్యదే. ఆయన బుగ్గ కండ తీసుకుని, కన్ను జుర్రి, ఎముకలు నమిలి గాని వదలడు.

ఆ రాత్రి అవ్వ పులుసు దించి, మర్నాటికి ఊరుతుందని మూతపెట్టి, టీవీ ముందు కూర్చుంది. మనవరాలు చిట్టి ఆడవాళ్ళ రగ్బీ ప్రపంచ కప్పు ఫైనల్ పెట్టింది. ఇంగ్లాండు వాళ్ళవి తెల్ల చొక్కాలు, కెనడా వాళ్ళవి ఎర్రవి.

"బంతిని గీత దాటించి నేలకి ఆనించాల, అంతే అవ్వా."

ఎర్ర చొక్కాలే ముందు ఆనించాయి. తాతకు హుషారెక్కింది.

"ఏమే, ఆట ఎర్ర చొక్కాలదే. వాళ్ళు ఓడితే రేపు తలకాయ ముక్క నీకే!"

"చిట్టీ, ఇన్నావు గదా? నువ్వే సాచ్చికం," అంది అవ్వ.

కాసేపటికి తెల్ల చొక్కాల వాళ్ళు ఒకరినొకరు వాటేసుకుని గుంపుగా నెట్టడం మొదలుపెట్టారు. బంతేమో అందరికన్నా వెనకున్న పిల్ల చంకలో ఉంది. ముందున్నవాళ్ళు రొప్పుతూ గీత దాకా తోస్తే, ఆ పిల్ల తీరిగ్గా పడి బంతి ఆనించింది. చప్పట్లన్నీ ఆమెకే.

తాత లేచి నిలబడ్డాడు. "అన్యాయం! నెట్టింది అంతమంది, పేరు ఆ యెనకదానికా?"

"చివర్లో చెయ్యెయ్యడం అందురికీ వస్తాదా?" అవ్వ మురిసిపోయింది. "ఎవురి బిడ్డో గానీ, బంగారం!"

"నీ బిడ్డే అయ్యుంటాది. తిరణాల్లో తప్పిపోయినట్టుండాది."

తెల్ల చొక్కాలు గెలిచాయి.

తెల్లారేసరికి తాత మాట మార్చాడు. "ఆడోళ్ళ ఆటకి పందెమేంది? చెల్లదు పో."

అవ్వ వాదించలేదు. "అట్నే. పులుసు చేసింది గూడా ఆడదే. అదీ చెల్లదు," అని చట్టిని అటకెక్కించింది.

మధ్యాహ్నం దాకా బిగుసుకుని కూర్చున్న తాత, పక్కింటి తాలింపు వాసనకు దిగొచ్చాడు. అవ్వ చట్టి దించి, తలకాయ ముక్క ముందేసుకుని, బుగ్గ కండ వేలితో తీసి, కళ్ళు మూసుకుని తింది.

"కన్నన్నా ఇయ్యే."

"తోక తిను. బలం."

తాత తోక ముక్కను అటూ ఇటూ తిప్పి, చిట్టి వైపు చూశాడు. "ఈ కప్పు మళ్ళా ఎప్పుడుంటాది మే?"

"నాలుగేళ్ళకి, తాతా."

తాత చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అవ్వ కళ్ళు తెరవకుండానే ఎముక జుర్రింది.

"అందాకా కప్పు నాదే," అంది.