లైను ఆగకూడదన్న మా తమ్ముడు

పోయిన నెల ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే మా తమ్ముడు పోయాడు. దినాల నాడు భోజనాల దగ్గర ఎవరో అన్నారు: "పట్నంల నౌకరి అయిపోయినంక కల్వకుర్తికొచ్చి, ఆ కంప్యూటరు డబ్బా ముందట కూసునుడు తప్ప ఏం జేసిండు?" నాకు చదువు రాదు. మనుమరాలితో రాయిస్తున్నాను. ఏం చేశాడో వినండి.

వాడిది తాళాల పని. ఫోనులో, బ్యాంకులో మన సంగతులు పరాయివాళ్లు చదవకుండా కాపాడే కంప్యూటరు తాళాలు. ఇంటికి మాత్రం తాళం వేసేవాడు కాదు. "వచ్చేటోళ్లు రావాలె గదక్కా" అనేవాడు.

ఊరికి వచ్చాకే, ఎంతోమంది వాడే అలాంటి ఒక తాళంలో మా తమ్ముడు లోపం పట్టుకున్నాడు. ఎవరైనా కావాలని తిరకాసు లెక్క ఒకటి పంపితే, ఆ తాళం జవాబు వెతుకుతూ కూర్చుంటుంది. జవాబు ఉండదు, వెతకడం ఆగదు. వెనక వచ్చినవాళ్లెవరికీ తలుపు తెరుచుకోదు. తయారుచేసినవాళ్లకు రాస్తే, "ఏదీ దొంగల పాలు కాలేదు కదా, తర్వాత చూద్దాం" అన్నారట. వాడికి అన్నం సయించలేదు.

ఆ రోజుల్లోనే నా మోకాళ్ల నొప్పులకు దవాఖానకు తీసుకుపోయాడు. చిట్టీ రాసే కిటికీలో పిల్ల అడిగింది:

"అవ్వా, పుట్టిన తేది చెప్పు."

"తెల్వదు బిడ్డా."

"ఏదో ఒకటి చెప్పు. తేది లేకుంటె మిషను ముందటికి పోతలేదు."

"ఏదో ఒకటెట్ల చెప్త? అబద్ధమాడి మందు తీసుకోవాల్నా? నువ్వే దేవులాడు."

ఆ పిల్ల వెతుకుతూ అవీ ఇవీ నొక్కింది. నేను కదల్లేదు. లైను గేటు దాకా పెరిగింది. చివరన జ్వరంతో మూలుగుతున్న పసిపిల్లను ఎత్తుకుని ఒక తల్లి.

"ఓ ముసలమ్మా, నీ పుట్టుక దొరికేదాక మేం సావాల్నా?" అని ఎవడో అరిచాడు.

"సావకు, ఆగు!" అన్నాను.

మా తమ్ముడు నవ్వుతూ వచ్చి కిటికీలోకి వంగాడు. "బిడ్డా, గామెను జర బెంచీ మీద కూసోబెట్టు. ఎనకటోళ్లను పిలువు."

లైను కదిలింది, ఆ తల్లి పసిపిల్లతో లోపలికి పోయింది. నేను బెంచీ మీద నిప్పులు కక్కాను.

"నాదారా తప్పు?"

"నీది కాదక్కా, కిటికీది. జవాబు లేనోళ్లు గూడ వస్తరని అనుకోలే. ఏం దొంగలు పడలే, ఏం పోలే. కని ఆ తల్లికి తలుపు మూసినట్టే గదా?"

"మరి గదే రాయి వాళ్లకు. నన్ను గూడ రాయి."

రాశాడు. తాళం కొంతసేపే వెతికి, జవాబు దొరక్కపోతే ఆ లెక్కను పక్కన పెట్టి వెనకవాళ్లను పిలిచేలా మరమ్మతు కూడా పంపాడు. ఈసారి ఒప్పుకున్నారు. బాగుచేసిన తాళం అందరికీ చేరేదాకా బయట నోరు విప్పలేదు. "తెలిస్తె తుంటరోళ్లు లైన్లు ఆపుతరక్కా" అన్నాడు. ఆ తర్వాత కూడా గొప్పలు చెప్పుకోలేదు, ఊరికి తెలియనిది అందుకే. పని పూర్తయిన సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుని వేడి మిర్చీలు తిన్నాం. వాడికి జరిగిన సన్మానం అదే. కడుపునిండా నవ్వాడు.

నిన్న దవాఖానకు ఒక్కదాన్నే పోయాను. అదే పిల్ల తేది అడిగింది. "తెల్వదు" అన్నాను. ఇప్పటికీ అబద్ధం ఆడను. ఆ పిల్ల నవ్వి బెంచీ వైపు చేయి చూపింది. పోయి కూర్చున్నాను, పక్కన ఒక మనిషికి జాగా వదిలి. నా ముందు లైను సాగిపోతూనే ఉంది.