పులిహోర పంక్తిలో ఒక తీర్మానం

విశాఖలో కడుతున్న కొత్త ఉక్కు కర్మాగారానికి భిలాయి నుంచి మారి వచ్చిన నాటి నుంచీ ఆ ఊరిని ఒకసారి చూసి రావాలన్న కోరిక నాకు ఉన్నదే. అయితే ఈ ఉగాదికి నన్ను బయలుదేరదీసింది ఒక గది. అక్కడి మా సెక్టారు తెలుగువారి సంఘానికి రేకుల కప్పు హాలు, దాని పక్కన ఒక చిన్న గది ఉన్నాయి. రైలు పట్టాల మిల్లులో పని ముగించుకొని, స్నానం చేసి, కొందరం ఆ గదిలోనే సాయంత్రాలు కూర్చొని బి.ఏ.కు చదివాము. దుర్గ్ నుంచి సైకిలు మీద వచ్చే మాస్టారు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. అవి అత్యవసర పరిస్థితి నడుస్తున్న రోజులు. నియంతృత్వాల అధ్యాయం వచ్చినప్పుడు ఆయన లేచి కిటికీ రెక్కలు మూసి, గొంతు తగ్గించి, ఒక్కడి పాలన, సైన్యం పాలన, ఒకే పార్టీ పాలన అంటూ వేళ్ళు ముడిచేవారు. ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ నేర్చుకున్న చదువు నాది. పట్టా చేతికి వచ్చిన రోజున కలిగిన గర్వం నేటికీ తరగలేదు.

ఆ గదిలో ఇప్పుడు నా మిత్రుడు అప్పలరాజు భార్య రవణమ్మ కాలనీ పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతోంది. ఇప్పటికే అందులో ఒక మూల బస్తాలు దింపిన సంఘాధ్యక్షుడు, కాంట్రాక్టరు పైడిరాజు గారు దానిని తన సిమెంటు గోదాముగా శాశ్వతంగా తీసుకొనే తీర్మానం ఉగాది సభకు రానున్నదని అప్పలరాజు కబురు చేశాడు. అది నెగ్గితే పిల్లల చదువు అంతటితో సరి. నేను సంఘంలో జీవిత సభ్యుణ్ణి. నా మాటకు అక్కడ విలువ ఉన్నదని అతని నమ్మకం. నాకూ ఆ నమ్మకమే ఉండేది.

విశాఖలో మధ్యాహ్నం దాటాక ఎక్కిన బండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా సాగి ఉదయానికి దుర్గ్ చేరుస్తుంది. రాయగడ దాటేవరకు కిటికీ పక్కన కొండలు తోడు వస్తాయి కనుక పగటి వెలుగు ఉండగానే చూడవలసినదంతా చూసుకోవాలి. దుర్గ్‌లో దిగి, రాయపూర్ రోడ్డు మీద తిరిగే టెంపోలో రూపాయిన్నరకు నెహ్రూ నగర్ వరకు వచ్చి, అక్కడ రిక్షా మాట్లాడుకున్నాను.

"కహాఁ జాబే బాబూ?" అన్నాడు రిక్షావాలా.

తెలుగువారి సంఘం హాలు అని హిందీలో చెప్పాను.

"అచ్ఛా, పైడిరాజు సేఠ్ కా హాల్!"

"సేఠ్‌ది కాదు, సంఘానిది."

"వోహీ తో," అదేగా అన్నట్టు తల ఊపి పెడలు తొక్కాడు.

దారి పొడుగునా నేను ఉన్నప్పుడు మొక్కలుగా నాటినవి నీడనిచ్చే చెట్లయి కనిపించాయి. క్వార్టర్ల గోడల మీద అదే ఎర్రని ధూళి. షిఫ్టు విడిచిన సైకిళ్ళ వరుస ఎదురైనప్పుడు తెలియకుండానే లేని సైకిలు గంటను నా చేయి వెతికింది.

అప్పలరాజు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "వొచ్చినావా అన్నియ్యా! డిల్లీలో ఎమర్జెన్సీ ఎప్పుడో ఎత్తేసినారు. మన సెక్టారుకి ఆ కాయితం ఇంకా రానట్టుంది," అని నవ్వాడు.

అందులో నిజం ఉంది. డెబ్బై అయిదులో, సభలు జరపకూడదు కనుక ఈ ఏడాదికి ఎన్నిక వద్దన్నారు పైడిరాజు గారు. ఆ ఏడాది నేటికీ ముగియలేదు. అలాగని ఆయన చెడ్డవారు కారు. వీధికి కుళాయి తెచ్చింది ఆయనే. హథ్‌ఖోజ్ వర్క్‌షాపులలో మనవారిని పనిలో పెట్టించిందీ, పెళ్ళికి షామియానా ఊరకే ఇచ్చిందీ ఆయనే. సంఘం తీర్మానాలకు ఆయన ఒక ఆచారం ఏర్పరచారు. ఉగాది భోజనంలో మగవారి తొలి పంక్తి సగంలో ఉండగా తీర్మానం చదువుతారు. ఇష్టం లేనివారు చెయ్యి ఎత్తాలి. కుడి చేతికి అన్నం అంటి ఉంటుంది. పంక్తిలో ఎడమ చెయ్యి ఎత్తడం అమర్యాద. అందుచేత అన్నీ ఏకగ్రీవమే.

ఈ సంగతి ఎరిగిన నేను తినకుండా కూర్చోవాలని నిశ్చయించుకొని వెళ్ళాను. చెప్పవలసిన నాలుగు మాటలు క్రమంగా కూర్చుకున్నాను కూడా. కాని పైడిరాజు గారు నన్ను చూడగానే ఎదురు వచ్చారు.

"మన బి.ఏ. గారొచ్చినారు! ఏటండీ, సిక్కిపోనారు? ఈయన విస్తట్లో నేనే ఎయ్యాలి," అంటూ స్వయంగా పులిహోర వడ్డించి, తినేవరకు కదలలేదు. "ముద్దెట్టండి. రుసి సెప్పండి."

ముద్ద పెట్టాను. ఆ వెంటనే ఆయన నిటారుగా నిలబడి తీర్మానం చదివారు. "ఇష్టం లేనోలు సెయ్యెత్తండి."

నా వేళ్ళకు పసుపు, నూనె. పక్కన అప్పలరాజు విస్తరిలోకే చూస్తున్నాడు. నేను కూర్చుకున్న నాలుగు మాటలలో ఒక్కటీ పైకి రాలేదు.

అప్పుడు గోడ వారన, రెండో పంక్తికి ఎదురుచూస్తున్న ఆడవారిలో నుంచి రవణమ్మ చెయ్యి లేచింది. దాని వెనుక ఇంకొకటి, తరువాత చాలా.

"ఆడోలకి సబ్యత్వం ఉందేటి?" అని పంక్తిలో నుంచి సంఘానికి చందాలు వసూలు చేసే అతను అన్నాడు.

"సందా ఇంటికా, మగోలకా?" అన్నది రవణమ్మ. "వొసూలుకొచ్చినప్పుడు నన్నే కదా భయ్యా అడిగినావు? మా సేతులు కాళీగా ఉన్నాయి. ఎత్తినాం."

ఎవరో పొలమారి నవ్వారు. నవ్వు పంక్తి అంతా పాకింది. పైడిరాజు గారు గరిటె పట్టుకొనే ఆ చేతుల వంక చూసి, "సరే దీదీ, గది మీకే. ముందు సేతులు దించండి, వడ్డన ఆగిపోనాది," అన్నారు.

సాయంత్రం సిమెంటు బస్తాలు బయటికి పోయాక ఆ గదిలో కాసేపు ఒంటరిగా కూర్చున్నాను. నిరంకుశత్వం భయం మీద నిలుస్తుందని మాస్టారు చెప్పగా నేర్చుకున్నాను, పరీక్షలో రాశాను, మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనను. కాని ఆ హాలులో భయపడినవారు ఒక్కరూ లేరు. ఉన్నదల్లా మొహమాటం. చేసిన మేలు గుర్తుండడం, వడ్డించిన చేతికి ఎదురు చెప్పలేకపోవడం. మా పాఠ్యగ్రంథంలో ఆ పాలనకు పేరు లేదు. మాస్టారు ఉండి ఉంటే ఇంకొక వేలు ముడిచేవారేమో. ఆయన మూసే కిటికీ రెక్కలు బిగుసుకుపోయి ఉంటే తోసి తెరిచాను. ఇంతలో రవణమ్మ వచ్చి పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు మొదలుపెట్టింది. గొంతు తగ్గించలేదు.

ఆ ఊరి ఉగాదికి వెళ్ళదలచినవారికి ఒక్క సూచన. తొలి పంక్తికి ఎంత గౌరవంగా పిలిచినా రెండో పంక్తి వరకు ఆగండి. పులిహోర కాస్త చల్లారుతుంది. చెయ్యి మాత్రం మీదిగానే ఉంటుంది.